పరిణామం అంటే ప్రమోషన్ కాదు

మా ఐటీ వాళ్ళ చేతిలో పడితే ఎంత మంచి మాటైనా నాలుగేళ్ళలో అరిగిపోతుంది. అలా అరిగిపోయినవాటిలో "ఎవల్యూషన్" ఒకటి. కొత్త వెర్షన్ వస్తే ప్రోడక్ట్ ఎవాల్వ్ అయిందంటారు. టీం లీడు మేనేజరైతే కెరీర్ ఎవాల్వ్ అయిందంటారు. క్లయింటుకి చూపించే స్లైడ్లలో ఒక బొమ్మ ఎప్పుడూ ఉంటుంది: ఎడమ చివర వంగి నడిచే కోతి, కుడి చివర లాప్‌టాప్ పట్టుకుని నిటారుగా నిలబడ్డ మనిషి. మధ్యలో ఉన్నవాళ్ళంతా, పాపం, పాత వెర్షన్లు.

ఆ బొమ్మ చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. జీవపరిణామం నిచ్చెన కాదు, అది ఎవరికీ ప్రమోషన్లు ఇవ్వదు అన్నది నా వాదన. ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు, జీవశాస్త్రం చదివినవాళ్ళందరికీ తెలిసిందే. కానీ తెలిసిన సంగతి మనసుకి ఎక్కాలంటే ఒక కథ కావాలి. ఆ కథ చెప్పడానికి కోతుల కన్నా, డైనోసార్ల కన్నా మంచి సాక్షులు నా దగ్గర ఉన్నారు. ఎప్పుడో అంతరించిపోయిన ఫాకోపిడ్లు అనే ట్రైలోబైట్ల గుంపు.

ముందు ట్రైలోబైట్ అంటే ఏమిటో చూద్దాం. రొయ్య, పీత, తేలు, జెర్రి... వీటన్నిటికీ దూరపు చుట్టం. కీళ్ళ కాళ్ళున్న సముద్రపు జీవి. సుమారు 52 కోట్ల సంవత్సరాల క్రితం కేంబ్రియన్ కాలపు రాళ్ళలో మొదటిసారి కనిపిస్తుంది. 25.2 కోట్ల సంవత్సరాల క్రితం, పెర్మియన్ కాలం చివర్లో, ఆఖరి ట్రైలోబైట్ పోయింది. అంటే దాదాపు 27 కోట్ల సంవత్సరాల కాపురం. ఇప్పటిదాకా 20,000కి పైగా జాతులకి పేర్లు పెట్టారు.

పేరుకి అర్థం మూడు భాగాలున్నదని. తల, మొండెం, తోక కలిపి మూడు అనుకుంటారు చాలామంది. అది కాదు. ఆ మూడూ పొడుగునా ఉంటాయి: వీపు మధ్యలో ఉబ్బెత్తుగా ఒక పట్టీ, దానికి అటొకటి, ఇటొకటి. తల, మొండెం, తోక అనే విభజన ఇంకొకటి. వీపు మీది కవచం కాల్సైట్‌తో గట్టిపడి ఉండేది. సున్నపురాయిలో ఉండే ఖనిజమే అది. అందుకే కవచాలు అంత బాగా మిగిలాయి. కింద ఉండే కాళ్ళు, మీసాలు మెత్తనివి కాబట్టి అవి దొరకడం అరుదు. పెరిగేటప్పుడు పాము కుబుసం విడిచినట్టు పాత కవచం వదిలేసి కొత్తది కట్టుకునేవి. ఒక్కొక్కటి బతికినన్నాళ్ళలో చాలా కవచాలు వదిలేది కనక, మ్యూజియంలో మనం చూసే ముక్కల్లో చాలావాటిని శవాలనడానికి లేదు. అవి విడిచేసిన బట్టలు.

(అన్నట్టు, ఇది చదివి ఇంట్లో పరిచిన కడప బండల్లో వెతకకండి. ఆ సున్నపురాయి ట్రైలోబైట్లు పుట్టకముందుది. మన దేశంలో ట్రైలోబైట్లు కావాలంటే హిమాలయాలెక్కి, స్పితి లోయ లాంటి చోట్ల కేంబ్రియన్ రాళ్ళు వెతుక్కోవాలి.)

ఇక ఫాకోపిడ్లు. ఇవి సుమారు 48 కోట్ల సంవత్సరాల క్రితం ఆర్డొవిషియన్ కాలం మొదట్లో బయల్దేరి, 35.9 కోట్ల సంవత్సరాల క్రితం డెవోనియన్ కాలం చివర్లో ఆగిపోయాయి. సుమారు 12 కోట్ల సంవత్సరాలు. మన హోమో సేపియన్స్ వచ్చి 3 లక్షల సంవత్సరాలు అయింది. అంటే వాళ్ళ ఇన్నింగ్స్ మనదానికి 400 రెట్లు. "అంతరించిపోయింది కాబట్టి ఫెయిలయింది" అనే ముందు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి.

వీటి ఒళ్ళు చూస్తే ముచ్చటేస్తుంది. మొండెంలో 11 ఖండాలు, ఒకదాని కిందకి ఒకటి జారేలా అమరి ఉంటాయి. వానాకాలంలో రోకలిబండ పురుగుని పుల్లతో ముట్టుకుంటే చుట్టుకుపోవడం మనందరం చూసినవాళ్ళమే. ఫాకోపిడ్ దానికన్నా ఒక మెట్టు ఎక్కువ. తల అంచు కింద ఒక గాడి ఉంటుంది. చుట్టుకున్నప్పుడు తోక అంచు వచ్చి ఆ గాడిలో టిఫిన్ డబ్బా మూతలా కూర్చుంటుంది. మెత్తటి కాళ్ళన్నీ లోపల భద్రం.

కుబుసం విడవడంలోనూ వీటిది వేరే దారి. చాలా ట్రైలోబైట్లకి తల మీద కుట్లలాంటి గీతలుంటాయి. సమయం వచ్చినప్పుడు ఆ కుట్ల దగ్గర విడిపోతే లోపలి జంతువు బయటపడేది. తర్వాతి కాలపు ఫాకోపిడ్లలో ఆ కుట్లు అతుక్కుపోయాయి. అవి తల కవచాన్ని మొత్తంగా, టోపీ తీసినట్టు తీసేసేవి. పాత పద్ధతి పోయింది, ఇంకోటి వచ్చింది. ఏది మెరుగు? ఆ ప్రశ్నకి జవాబు లేదు, రెండూ పనిచేశాయి.

అసలు విశేషం కళ్ళది. మామూలు ట్రైలోబైట్ కన్ను ఈగ కన్నులాంటిది. సన్నసన్నటి లెన్సులు వందలూ వేలూ, ఒకదానికొకటి ఆనుకుని, పైన అన్నిటికీ కలిపి ఒకే పొర. ఫాకోపిడ్ కంట్లో లెన్సులు తక్కువ, కానీ పెద్దవి. ఒక్కొక్క లెన్సు విడిగా, దాని పొర దానిదే, మధ్యలో గోడలు. ఈ రకం కన్ను జంతుప్రపంచంలో ఇంకెవరికీ లేదు, ముందూ లేదు, తర్వాతా లేదు. శిలాజం మీద భూతద్దం కూడా లేకుండా ఆ లెన్సుల్ని మామూలు కంటితోనే లెక్కపెట్టొచ్చు.

పైగా ఆ లెన్సులు కాల్సైట్. కాల్సైట్ స్ఫటికాన్ని అక్షరాల మీద పెడితే ఒక్కో అక్షరం రెండుగా కనిపిస్తుంది. ఒక్క దిక్కులో చూస్తే మాత్రం ఒకటిగానే ఉంటుంది. ట్రైలోబైట్ లెన్సులో స్ఫటికం సరిగ్గా ఆ దిక్కుకే తిరిగి ఉంటుంది. 1975లో ఎడిన్‌బరోకి చెందిన యూవన్ క్లార్క్‌సన్, షికాగో భౌతికశాస్త్రవేత్త రికార్డో లెవీ సెట్టి కలిసి ఇంకో సంగతి బయటపెట్టారు. ఫాకోపిడ్ లెన్సు లోపల రెండు భాగాలున్నాయి, వాటి మధ్య ఒంపు, కాంతి చెదరకుండా ఉండటానికి 17వ శతాబ్దంలో డెకార్ట్, హైగన్స్ గీసిన లెన్సుల ఒంపుని పోలి ఉంది అని. ఇద్దరు మహానుభావులు కాగితం మీద లెక్కలు కట్టిన ఆకారం, సముద్రం అడుగున పాకే పురుగు మొహం మీద ఉందన్నమాట!

ఇక్కడ ఒక మాట. ఇది అందరూ ఒప్పుకున్న సంగతేమీ కాదు. 2019లో, డెన్మార్క్‌లో దొరికిన 5.4 కోట్ల ఏళ్ళనాటి ఈగజాతి పురుగుల కళ్ళు పరీక్షించినవాళ్ళు, ఆ కాల్సైట్ బతికున్నప్పటిది కాదు, రాయిగా మారేటప్పుడు చేరింది కావచ్చు, ట్రైలోబైట్ల సంగతీ అంతే కావచ్చు అన్నారు. క్లార్క్‌సన్ పక్షంవాళ్ళు ఒప్పుకోలేదు. 2021లో బ్రిగిటె షోనెమన్ బృందం పాత ఎక్స్‌రే ఫిల్ములు మళ్ళీ చదివి, ఒక్కో పెద్ద లెన్సు కింద ఒక చిన్న సంయుక్త నేత్రమే ఉందని వాదించింది, అంటే ఒక కంట్లో వందలాది కళ్ళు. తగువు ఇంకా నడుస్తూనే ఉంది. నాకైతే ఈ తగువే ఆ కన్నంత అందంగా ఉంటుంది.

సరే, ఇంత గొప్ప కన్ను ఎక్కణ్ణుంచి వచ్చింది? నిచ్చెన బొమ్మ నమ్మినవాళ్ళు, మామూలు కన్ను మెల్లమెల్లగా మెరుగుపడి ఇలా అయిందనుకుంటారు. క్లార్క్‌సన్ చెప్పిన వివరణ చూడండి. మామూలు ట్రైలోబైట్ పిల్లగా ఉన్నప్పుడు దాని కంట్లో లెన్సులు కొద్దిగా, విడివిడిగా, కంటి సైజుతో పోలిస్తే పెద్దగా ఉంటాయి. పెద్దయ్యాక అవి దగ్గర పడతాయి. ఫాకోపిడ్లు ఆ పిల్లకాలపు కన్నునే పెద్దయ్యాక కూడా ఉంచేసుకున్నాయి. అంటే కొత్తగా కట్టింది కన్నా, పూర్తి చేయకుండా వదిలేసిందే ఎక్కువ. మా భాషలో చెప్పాలంటే బీటాలో ఆగిపోయిన ప్రోడక్టుని అలాగే రిలీజ్ చేస్తే, దాని మీద 12 కోట్ల ఏళ్ళు వ్యాపారం నడిచింది :-)

ఇప్పుడు రెండో సాక్ష్యం. బఫెలో దగ్గర ఒక క్లయింటుకి పనిచేసిన రోజుల్లో, హాంబర్గ్ అనే ఊళ్ళో పెన్ డిక్సీ అనే చోటికి పిల్లల్ని తీసుకెళ్ళాను. ఒకప్పుడు సిమెంటు కోసం తవ్విన క్వారీ. ఇప్పుడు టికెట్టు కొనుక్కుని ఎవరైనా తవ్వుకోవచ్చు, దొరికింది ఇంటికి తెచ్చుకోవచ్చు. బూడిదరంగు రాయి, సుత్తితో తడితే పలకలుగా విడిపోతుంది. రెండు గంటలు తవ్వితే బొటనవేలి గోరంత ముద్ద ఒకటి దొరికింది, చుట్టుకుని, రెండు కళ్ళూ బయటికి పెట్టుకుని. మా అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని "నాన్నా, కప్ప!" అంది. 1832లో జేకబ్ గ్రీన్ అనే ఆయనా అలాగే అనుకున్నట్టున్నాడు, దానికి "రానా" అని పేరు పెట్టాడు. లాటిన్‌లో కప్ప అని. చాలాకాలం ఫాకోప్స్ రానా అన్నారు, 1990 నుంచి ఎల్డ్రెజాప్స్ రానా. పెన్సిల్వేనియావాళ్ళు 1988లో తమ రాష్ట్ర శిలాజంగా పెట్టుకున్నది దీన్నే.

ఆ కొత్త పేరు నైల్స్ ఎల్డ్రెజ్ మీదుగా వచ్చింది. 1960లలో ఆయన కుర్ర పరిశోధకుడు. 38 కోట్ల ఏళ్ళ క్రితం న్యూయార్క్ నుంచి మిడ్‌వెస్ట్ దాకా పరుచుకున్న వెచ్చటి సముద్రంలో బతికిన ఈ కప్పమొహాల్ని పోగేసి, కాలం గడిచేకొద్దీ ఎలా మెల్లగా మారాయో చూద్దామని కూర్చున్నాడు. చూస్తే ఏముంది, లక్షల సంవత్సరాల పాటు ఏ మార్పూ లేదు! తేడా దొరికింది ఒక్కచోటే, కంట్లో లెన్సుల నిలువు వరసల్లో. మొదట 18 వరసలు. తర్వాత తూర్పు అంచున, న్యూయార్క్ వైపు, 17 వరసలవి వచ్చాయి. లోపలి సముద్రంలో 18 వరసలవే చాలాకాలం ఉన్నాయి. అక్కడ నీరు వెనక్కి పోయి మళ్ళీ వచ్చాక, వచ్చినవి 17 వరసలవి. మార్పు ఒక మూల, ఒక చిన్న గుంపులో, భూగర్భశాస్త్రం లెక్కలో చిటికెలో జరిగిపోయి, తర్వాత అంతటా వ్యాపించింది. 1972లో స్టీఫెన్ జే గూల్డ్‌తో కలిసి ఆయన ప్రకటించిన "పంక్చువేటెడ్ ఈక్విలిబ్రియా" సిద్ధాంతానికి ఆధారాల్లో ఇదొకటి. ఎప్పుడూ కదలకుండా ఉండటం, అప్పుడప్పుడూ గబుక్కున మారడం.

నేను పట్టుకునేది ఆ అంకెల్ని. 18 నుంచి 17. వరస పెరగలేదు, తగ్గింది.

తగ్గడం అక్కడితో ఆగలేదు కూడా. ఇది మూడో సాక్ష్యం. డెవోనియన్ చివరికొచ్చేసరికి కొన్ని ఫాకోపిడ్ వంశాల్లో కన్ను చిన్నదవుతూ వచ్చింది. లోతైన, మసక నీళ్ళలో, బురదలో బతికేవాటికి కన్ను దండగ ఖర్చు. మళ్ళీ అదే పాత ఉపాయం: పిల్లకాలంలోనే కంటి ఎదుగుదల ఆగిపోవడం. ఏ దారిలో ఆ అద్భుతమైన కన్ను వచ్చిందో, అదే దారిలో పోయింది. చివరికి ట్రైమెరోసెఫాలస్ లాంటివాటికి కళ్ళే లేవు. పోలండ్‌లోని హోలీ క్రాస్ కొండల్లో ఇవి ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టి, అలాగే రాయైపోయి దొరికాయి. కళ్ళు లేకపోయినా, ముందున్నదాన్ని తాకుతూనో మరెలాగో, వరస తప్పకుండా నడిచాయి.

అదే డెవోనియన్‌లో, మొరాకోలో, ఎర్బెనోకైలీ అనే ఇంకో ఫాకోపిడ్ ఉండేది. దాని కళ్ళు రెండు బురుజుల్లా నిలబడి, పైనించి వెలుగు పడకుండా చూరు కూడా ఉంటుంది. ఒకే గుంపులో ఒక కొమ్మ కంటికి చూరు కట్టుకుంటే ఇంకో కొమ్మ కన్నే తీసేసింది. ఇప్పుడు చెప్పండి, వీటిలో ఏది "ఎవాల్వ్" అయింది? రెండూ అయ్యాయి. సరిగ్గా ఒకేలా అయ్యాయి.

ముగింపు కూడా నిచ్చెన బొమ్మకి అనుకూలంగా లేదు. 37.2 కోట్ల ఏళ్ళ క్రితం ఒకసారి సముద్రాల్లో ప్రాణవాయువు తగ్గి, ట్రైలోబైట్లలో చాలా వంశాలు పోయాయి. ఫాకోపిడ్లు దెబ్బతిని కూడా కోలుకున్నాయి, కళ్ళున్నవీ, లేనివీ. 35.9 కోట్ల ఏళ్ళ క్రితం ఇంకోసారి అలాంటిదే వచ్చింది. ఈసారి రెండు రకాలూ పోయాయి. డెకార్ట్ లెన్సు కాపాడలేదు, కన్ను వదిలేసి చేసిన పొదుపూ కాపాడలేదు. ఆ గండం గడిచి మిగిలింది ప్రొయెటిడ్లు అనే చిన్న చిన్న, సాదాసీదా ట్రైలోబైట్లు. పాత పద్ధతి కళ్ళవి. అవి ఇంకో 10 కోట్ల సంవత్సరాలు నడిపించాయి. బ్యాంకుల్లో ఇప్పటికీ కోబాల్ నడుస్తోందని నవ్వుకునేవాళ్ళు కాసేపు ప్రొయెటిడ్లని తలుచుకోవాలి.

మీరు అడగొచ్చు: "మరి ఏకకణ జీవుల నించి మనిషి దాకా వచ్చాం కదా, అది పురోగతి కాదా?" న్యాయమైన ప్రశ్నే. కొన్ని వంశాల్లో సంక్లిష్టత పెరిగింది, కాదనను. ఫాకోపిడ్ కన్ను కూడా, అది బతికిన నీళ్ళలో, అది చేయాల్సిన పనికి, నిజమైన మెరుగుదలే అయి ఉండాలి. కానీ ఆ మెరుగు ఆ చోటికి, ఆ కాలానికి. చోటు మారితే అదే కన్ను బరువు. "దేనికి మెరుగు" అన్నది తీసేసి ఉత్త "మెరుగు" అని రాసుకుంటే, రిక్వైర్‌మెంట్లు చూడకుండా డిజైను రివ్యూ చేసినట్టు.

ఇంతకీ 38 కోట్ల ఏళ్ళనాటి పురుగు మీద ఎవరేమనుకుంటే నాకెందుకు? రెండు కారణాలు.

ఒకటి. ఈ బొమ్మ మనుషుల మీద వాడతారు. 2001లో డాట్‌కాం కూలినప్పుడు నేను పనిచేసిన ఒక కంపెనీలో మూడో వంతు మందిని ఒక్క శుక్రవారం పంపేశారు. సోమవారం మీటింగులో మిగిలినవాళ్ళతో పెద్దాయన అన్న మాట "సర్వైవల్ ఆఫ్ ది ఫిట్టెస్ట్". పోయినవాళ్ళలో నాకన్నా బాగా కోడ్ రాసేవాళ్ళున్నారు. వాళ్ళ ప్రాజెక్టుకి డబ్బులు ఆగిపోయాయి, అంతే. 2023లో మళ్ళీ పెద్దఎత్తున ఉద్యోగాలు పోయాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు 60 రోజుల్లో ఇంకో ఉద్యోగమో, తిరుగు టికెట్టో చూసుకోవాల్సి వచ్చింది. అప్పుడూ అదే మాట విన్నాను. ఆ మాట 1864లో హెర్బర్ట్ స్పెన్సర్ అన్నది. డార్విన్ 1869లో తన పుస్తకం అయిదో ముద్రణలో దాన్ని తీసుకున్నాడు. "ఫిట్" అంటే ఆ పరిసరాలకి సరిపడటం. గొప్పవాడని కాదు, అర్హుడని అంతకన్నా కాదు. ప్రకృతిని చూసి మనం కంపెనీలు నడపాలనీ నేను అనడం లేదు, ట్రైలోబైట్లు నీతికథలు చెప్పడానికి పుట్టలేదు. మీరు తీసుకున్న నిర్ణయానికి జీవశాస్త్రాన్ని దొంగసాక్షిగా పిలవకండి అంటున్నాను, అంతే.

రెండు, పిల్లలు. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి పరిణామం పాఠం తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, టీచర్లు అది తప్పని బహిరంగ లేఖ రాశారు. నా ఓటు వాళ్ళకే. పదో తరగతి తర్వాత ఎంపీసీలోకి పోయే మన పిల్లలకి ఆ పాఠం మళ్ళీ ఎదురుపడదు. వాళ్ళలో చాలామంది రేపు నాలాగే ఇక్కడికొచ్చి, స్లైడులో ఆ కోతి బొమ్మ పెడతారు. పాఠం లేని చోట బొమ్మే పాఠమవుతుంది.

చిత్రమేమిటంటే మన భాష ఈ విషయంలో ఇంగ్లీషు కన్నా ముందే ఉంది. తెలుగులో దీన్ని "పరిణామం" అన్నారు. పాలు పెరుగవడం పరిణామం. పెరుగు పులిసిపోవడమూ పరిణామమే. "తీవ్ర పరిణామాలు ఎదుర్కోవాల్సి వస్తుంది" అని మంత్రిగారు హెచ్చరించినప్పుడు ఎవరూ ప్రమోషన్ వస్తుందనుకోరు. ఉన్నది ఇంకోలా అవడం, అంతే అర్థం. అప్పుడప్పుడూ దీన్ని "వికాసం" అని రాస్తుంటారు, దయచేసి రాయకండి. చేతిలో సరైన మాట ఉండగా దాన్ని వదులుకోవడం ఎందుకు?

పెన్ డిక్సీ వైపు ఎప్పుడైనా వెళ్తే పిల్లల్ని తీసుకెళ్ళండి. పాత బూట్లు వేసుకోండి, నీళ్ళు పట్టుకెళ్ళండి, నీడ ఉండదు. కప్పమొహం దొరికితే కంట్లో వరసలు లెక్కపెట్టమనండి. తర్వాత 18 గొప్పా, 17 గొప్పా అని అడగండి. పిల్లలు "దేనికి?" అని ఎదురడిగితే, ఆ పాఠం వాళ్ళకి వచ్చేసినట్టే.